ప్రీవాష్డ్: ముందే ఉతికారు సరే, దేనికి ముందు? (7వ పాఠం)

పోయిన పాఠంలో ప్రీపెయిడ్ చూశాం కదా, అదే ప్రీ ఇవాళ ఇంకో మాటకి తగిలించుకుందాం. ప్రీవాష్డ్ అంటే ముందే ఉతికింది, ఇంతేగా అంటారు, కానీ దేనికి ముందు? ప్రీపెయిడ్‌లో వాడకానికి ముందు, ఇక్కడ అమ్మకానికి ముందు. అంటే తయారుచేసిన వాళ్లే ఉతికి అమ్మకానికి పెట్టారని. ఎవరో వేసుకుని వదిలేసింది కాదు, దానికి ప్రీఓన్డ్ అని వేరే మాట ఉంది. నేను మొదట్లో రెండూ ఒకటే అనుకుని కొత్త ప్యాంటుని వాడేసిందని వదిలేసి వచ్చా, నవ్వకండి.

ఎక్కువగా కనపడేది జీన్స్ లేబుల్ మీద. కొత్త బట్టని ఉతకడం దేనికంటే, నేసేటప్పుడు కాటన్ దారాన్ని లాగిపెట్టి నేస్తారు, నీళ్లు తగలగానే అది వెనక్కి ముడుచుకుంటుంది, ఏ ట్రీట్‌మెంటూ చెయ్యని డెనిమ్ (జీన్స్ కుట్టే గుడ్డ) అయితే 10 శాతం దాకా కూడా కుంచించుకుపోవచ్చు, అంటే 30 అంగుళాల పొడుగు కాస్తా 27 అవుతుంది, చీలమండ పైన ఆగిపోతుంది. పైగా ఇండిగో రంగు దారం లోపలిదాకా దిగదు, పైపైనే అంటుకుని ఉంటుంది, ముందే ఉతికితే అదనంగా ఉన్నది కొంత వదిలిపోతుంది, గుడ్డా మెత్తబడుతుంది. ప్రీష్రంక్ (ముందే ముడుచుకునేలా చేసింది) అని ఉంటే మాత్రం ఉతికారనే అనుకోకండి, ఆవిరి పట్టి మెషీన్‌లో నొక్కి కూడా ముడుచుకునేలా చేస్తారు.

ఇంకో తిరకాసు. మనం బట్టలు ఉతుకుతాం, ఆకులు కడుగుతాం, గిన్నెలు తోముతాం, ఇంగ్లీషు వాడికి అన్నిటికీ ఒకటే వాష్. అందుకే సలాడ్ ఆకుల ప్యాకెట్ మీద ప్రీవాష్డ్ అని ఉంటే ఉతికిన ఆకులు అని రాసేయకండి బాబూ, కడిగినవి అనాలి. అలాంటి ప్యాకెట్ మీద రెడీ టు ఈట్ అని కూడా ఉంటే మళ్లీ కడగక్కర్లేదు.

పలకడం: వాషెడ్ కాదు. ష్ తర్వాత వచ్చే డ్ నోట్లో ట్ అయిపోతుంది, ప్రీవాష్ట్ అనండి.

వాడకం: "దీజ్ జీన్స్ ఆర్ ప్రీవాష్డ్", "ఐ బాట్ ప్రీవాష్డ్ స్పినాచ్". కుట్టేముందు గుడ్డని ఇంట్లో మనమే తడిపి ఉతికితే "ఐ ప్రీవాష్డ్ ద ఫ్యాబ్రిక్" అనొచ్చు, ఇక్కడ ముందు అంటే కుట్టడానికి ముందు, అమ్మకం ఊసే లేదు.

హోంవర్క్: వాషింగ్ మెషీన్ మీద ప్రీవాష్ అని బటన్ ఉంటుంది చూడండి, అక్కడ దేనికి ముందు? జవాబు 8వ పాఠంలో.