పంక్చర్ తర్వాత వెనక టైరు మార్చాను: నా అనుభవం

నా పల్సర్ 150 వెనక చక్రంలో గాలి రెండు రోజులకోసారి దిగిపోయేది. పంక్చర్ రెండుసార్లు వేయించాను, వాల్వు మార్చాను, రంధ్రాన్ని లోపలి నుంచి మూసే సీలెంట్ ద్రవం పోయించాను, ఏదీ నిలవలేదు. చివరికి చూస్తే మేకు దిగింది టైరు పక్క గోడకు దగ్గరగా. అక్కడ వేసిన అతుకు నిలవదు, టైరే మార్చాలి.

కొనే ముందు పాత టైరు పక్క గోడ మీద ఉన్న అంకెలు రాసుకున్నాను: 100/90-17, 55పి. వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 55 అంటే టైరు మోయగల గరిష్ఠ బరువు 218 కిలోలు, పి అంటే గరిష్ఠ వేగం గంటకు 150 కిలోమీటర్లు. దుకాణదారు 120 వెడల్పు టైరు చూపించి పట్టు బాగుంటుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. రిమ్ము అదే ఉన్నప్పుడు వెడల్పాటి టైరు ఆకారం మారుతుంది, చైను కవరుకు రాసుకునే ప్రమాదమూ ఉంది.

తర్వాత తయారీ తేదీ. టైరు పక్క గోడ మీదే నాలుగు అంకెలుంటాయి, 1424 అంటే 2024లో 14వ వారం. మొదట ఇచ్చినది మూడేళ్ల పాతది. దాన్ని తిప్పి పంపి కొత్తది తెప్పించాను. బిగించేటప్పుడు టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో దగ్గరుండి చూశాను, వాల్వు కొత్తది వేయించాను, అంచుల చుట్టూ సబ్బునీళ్లు రాసి బుడగలు రావడం లేదని నిర్ధారించుకున్నాను. మర్నాడు ఉదయం, బండి చల్లగా ఉన్నప్పుడు, గాలి కొలిచాను. మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా నడిపాను.

రెండు నెలలైంది, గాలి దిగలేదు. ఇది ట్యూబ్‌లెస్ అల్లాయ్ చక్రం సంగతి. ఆకుల (స్పోకుల) చక్రం, ట్యూబు ఉన్న బండికి ఇదంతా వర్తించకపోవచ్చు.