జౌళి రోజు మధ్యాహ్న భోజనం: ప్రొద్దుటూరు వెళ్లేవారికి

పెళ్లి జౌళికి ప్రొద్దుటూరు వెళ్లే కుటుంబాలు చీరల రంగుల గురించి, బంగారం ధర గురించి పది రోజుల ముందు నుంచే మాట్లాడుకుంటాయి గానీ, ఆ రోజు పదిమందీ ఎక్కడ కూర్చుని అన్నం తినాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. బట్టలకూ బంగారానికీ పేరుపడి, రెండో బొంబాయి అనిపించుకున్న ఆ ఊరిలో జౌళి ఒక పూటలో తెమిలే పని కాదు. నా అనుభవంలో మధ్యాహ్న భోజనం సరిగా కుదిరిన రోజే జౌళి కూడా సరిగా కుదిరింది. ఆకలి మీద తీసిన చీరల గురించి ఏడాది తరువాత కూడా ఇంట్లో గొణుగుడు వినిపిస్తూనే ఉంటుంది.

ఈ సంగతి వ్యాపారులకు ఎప్పుడో తెలుసు. అమెరికాలోని షికాగో నగరంలో మార్షల్ ఫీల్డ్ అనే, బట్టలతో పాటు అన్ని రకాల సరుకులూ అమ్మే పెద్ద అంగడివారు 1907లో తమ భవనం ఏడో అంతస్తులోనే వాల్‌నట్ రూమ్ అని తరువాత పేరుపడిన భోజనశాలను తెరిచారు. ఆకలేసిన ఆడవాళ్లు బేరం మధ్యలో వదిలి ఇంటికి వెళ్లిపోకుండా అక్కడే తిని, మళ్లీ కిందికి దిగి కొనుక్కునేవారు. మన పాతకాలపు జౌళి అంగళ్లలో అటువంటి ఏర్పాటు లేదు; పరుపు మీద కూర్చోబెట్టి చిన్న గ్లాసులో టీ ఇస్తారు, అంతే. కాబట్టి భోజనం ఏర్పాటు మనమే చేసుకోవాలి.

మొదటి జాగ్రత్త పొద్దుటి టిఫిను దగ్గరే ఉంది. ఊళ్లోకి దిగగానే ఎర్రకారం దోశ వాసన ముక్కుకు తగులుతుంది; ఒక్కటి తినండి, రెండోది వద్దు. అంగట్లో ఇచ్చే టీ కూడా ఒక్కసారితో సరిపెట్టుకుంటే పన్నెండు గంటలకు ఆకలి వేళకు వేస్తుంది. పన్నెండుంబావుకల్లా హోటల్లో కూర్చోవాలి. ఒంటిగంట దాటితే, అందులోనూ మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాల రోజుల్లో, పదిమందికి ఒకేచోట బల్లలు దొరకవు. ముసలివాళ్లు తింటున్నవారి వెనక నిలబడి ఎదురుచూడవలసి వస్తుంది.

అంగడి నుంచి లేచే ముందు, నచ్చిన చీరలన్నిటినీ ఒక మూటగా కట్టించి పక్కన పెట్టమని గుమాస్తాకు చెప్పండి. ఏది ఎవరికోసమో ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. ఆ సమయానికి బిల్లు వేయించకండి. బంగారం కొనే పనిని మాత్రం తప్పకుండా భోజనం తరువాతికే పెట్టుకోండి, ఎందుకంటే నగల సంచి ఒళ్లో పెట్టుకుని తినే మనిషికి అన్నం రుచి తెలియదు.

హోటల్ ఎంచుకునేటప్పుడు అద్దాల తలుపులు చూడకండి. గల్లా దగ్గర టోకెన్ ఇచ్చి, అరిటాకు వేసి, అడిగినన్నిసార్లు వడ్డించే పాత భోజన హోటలే జౌళి రోజుకు తగినది. ఫుల్ మీల్స్ టోకెన్లే తీసుకోండి. పిల్లలకు ప్లేట్ మీల్స్ చాలు. ఇరుపక్షాలవారూ కలిసి వచ్చినప్పుడు డబ్బులు ఎవరివ్వాలో ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే గల్లా ముందు "మేమిస్తాం వదినా", "అట్లెట్లా, మేమే ఇస్తాం" అని చేతులు పట్టుకుని లాక్కోవడంతో వెనకున్నవారికి ఇబ్బంది అవుతుంది.

ఆకు కొన ఎడమవైపు ఉండేలా వేసుకుని, నీళ్లు చల్లి తుడవండి. తొలి అన్నంలో చెనిక్కాయల పొడి, నెయ్యి కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక పప్పుకు వెళ్లడం మా ఇంట్లో పెద్దలు పాటించిన వరుస, నాకు ఇప్పటికీ అదే ఇష్టం. వడ్డించే మనిషి నెయ్యి గరిటెను ఆకు మీద వంచినప్పుడు, పొడి మీద పడిన చుక్క ఒక క్షణం అలాగే నిలబడి, తరువాత మెల్లగా ఎర్రబడి లోపలికి దిగుతుంది. అది దిగేదాకా ఆగి కలపండి. సాంబారు కొద్దిగా, రసం నిండుగా, చివరకు మజ్జిగ తప్పనిసరిగా పోయించుకోండి. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటే ఊరిది, మజ్జిగ లేకుండా లేవకూడదు. రాగిసంగటి దొరికే చోట పెద్దలు దానినే అడుగుతారు, అడిగితే కాదనకండి. అయితే మధ్యాహ్నం ఇంకా చీరలు చూడవలసిన వారు ముద్దలో సగంతో ఆగడం మంచిది, కునుకు ఆపడం కష్టం.

అన్నిటికన్నా ముఖ్యమైనది చేయి కడుక్కోవడం. మా చెల్లెలి జౌళి రోజున నేను కొళాయి కింద చేయి తడిపి, తువ్వాలుకు తుడుచుకుని, అంతే చాలనుకుని అంగడికి తిరిగి వచ్చాను. మీగడ రంగు ధర్మవరం పట్టుచీర అంచు పట్టుకోగానే గోటి పక్కనుంచి పసుపు మరక దిగింది. అంగడివారు ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ చీర మేమే తీసుకున్నాము, పెళ్లికూతురికి నచ్చకపోయినా. అందుకే సబ్బుతో రెండుసార్లు కడిగి, గోళ్ల సందులు చూసుకుని, పూర్తిగా ఆరనివ్వండి. నేను ఇప్పుడు సంచిలో ఒక నిమ్మచెక్క, ఒక పాత నూలుగుడ్డ పెట్టుకునే వెళ్తాను.

తిరిగి వచ్చాక కొత్త చీరలు విప్పించకండి. పక్కన పెట్టించిన మూటనే విప్పించి, ఒక్కొక్క చీరను వాకిలి దగ్గరి పగటి వెలుతురులో చూపించమనండి. పొద్దున ఎవరూ మాట్లాడనివ్వని అవ్వ ఈసారి తీరిగ్గా కూర్చుని, అంచును వేళ్ల మధ్య నలిపి, ఇది వద్దు అంటుంది. ఆమె మాట వినండి. బిల్లు అప్పుడు వేయించండి. బండి డ్రైవరుకు భోజనం పార్సిల్ కట్టించడం మరిచిపోయి ఉంటే, బిల్లు రాసేలోగా ఒకరిని హోటలుకు పంపండి, ఆలస్యమైతే సాంబారు అయిపోతుంది.