యుద్ధం దాకా పోని వాదన – 4వ పాఠం: వాళ్లు ఏం చేస్తే మనం ఆపుతాం?

ఈ వారం కొత్త పాఠం మొదలుపెట్టాల్సింది. పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. టీవీ చర్చలో విన్న వాక్యం ఒకటి తీసుకుని, తిట్టు తీసేసి విషయం మిగిలేలా తిరగరాయమన్నాను. చాలామంది తిట్టుతో పాటు విషయాన్నీ తీసేశారు. "ఈసారి పాకిస్తాన్‌కు గట్టిగా బుద్ధి చెప్పాలి" అన్న వాక్యాన్ని మల్కాజిగిరి నుంచి ఒకరు "రెండు దేశాలూ సంయమనం పాటించాలి" అని మార్చి పంపారు. మొదటి వాక్యంలో కనీసం ఒక ఫిర్యాదు ఉంది. రెండోదాంట్లో ఎవరు ఏం చేశారో లేదు, ఏం కావాలో లేదు. కోపం తగ్గించుకోమని నేను అడగలేదు. మన జవాన్లు చనిపోయినప్పుడు కోపం రావాలి.

దేశం, ప్రభుత్వం, సైన్యం, జనం వేరు వేరని రెండో పాఠంలోనే చెప్పుకున్నాం, మళ్లీ చెప్పను. వార్త నిజమో కాదో ముందు చూసుకోవాలన్నదీ అంతే. 2016 డిసెంబరులో ఇజ్రాయెల్ తమను బెదిరించిందన్న ఒక దొంగ వార్త నమ్మి పాకిస్తాన్ రక్షణ మంత్రి తమ దగ్గరా అణ్వాయుధాలున్నాయని ట్విట్టర్‌లో ఇజ్రాయెల్‌కు గుర్తు చేశారు. ఆ స్థాయిలోనే అలా జరిగితే మన వాట్సాప్ గ్రూపుల సంగతి మీకే తెలుసు.

ఇక అసలు గొయ్యి. "బుద్ధి చెప్పాలి" అంటాం సరే, బుద్ధి వచ్చిందని ఎప్పుడు తెలుస్తుంది? ఎవరు చెబుతారు? అవతలివాళ్లు ఏం చేస్తే మనం చాలు అంటామో ఆ వాక్యంలో లేదు. ఏం చేసినా మనం ఆగమని తెలిస్తే వాళ్లు ఒక్క అడుగైనా ఎందుకు తగ్గుతారు? మన వైపు కూడా చిక్కే. సభలో ఆ మాట అన్న నాయకుడు రేపు తగ్గితే ప్రతిపక్షం ఊరుకోదు, టీవీ ఊరుకోదు, ఓట్లు పోతాయి. జేమ్స్ ఫియరన్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1994లో ఇదే రాశారు: బహిరంగంగా బెదిరించాక వెనక్కి తగ్గితే సొంత జనం దగ్గర మూల్యం చెల్లించాలి, అందుకే ఆ బెదిరింపును ఎదుటివాళ్లు నమ్ముతారు. నిజమే. కానీ తిరిగొచ్చే దారిని మూసేదీ ఆ మూల్యమే. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా జవాబుల్లో మళ్లీ అదే గొయ్యి కనిపిస్తోంది, అందుకే ఇంతసేపు చెబుతున్నాను.

1962 అక్టోబరు చూడండి. క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. వైమానిక దాడి చేద్దామని, సైన్యాన్ని దింపుదామని అమెరికా అధ్యక్షుడు కెనెడీ చుట్టూ ఉన్న కొందరు పట్టుబట్టారు. ఆయన ప్రధానంగా అడిగింది ఒకటే: క్షిపణులు తీసేయాలి. క్యూబా నాయకుడు కాస్ట్రో దిగిపోవాలని షరతు పెట్టలేదు. సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఒప్పుకున్నాడు. బదులుగా క్యూబా మీద దండెత్తబోమని అమెరికా మాటిచ్చింది, టర్కీలోని తన జూపిటర్ క్షిపణులు తీసేస్తానని రహస్యంగా ఒప్పుకుంది. అణ్వాయుధాలున్న దేశాన్ని, పరువు పోగొట్టుకుని వెనక్కి తగ్గడమా, అణుయుద్ధమా అనే దగ్గర నిలబెట్టకూడదని 1963 జూన్‌లో కెనెడీ ఒక ప్రసంగంలో చెప్పారు. అదే నెలలో మాస్కో, వాషింగ్టన్‌ల మధ్య నేరుగా సందేశాలు పంపుకునే హాట్‌లైన్ ఒప్పందం కుదిరింది.

1914 జులై దీనికి తిరగబడ్డ కథ. తమ యువరాజు హత్య తర్వాత ఆస్ట్రియా-హంగరీ సెర్బియాకు షరతులు పంపి 48 గంటల గడువు పెట్టింది. సెర్బియా చాలా షరతులు ఒప్పుకుంది. అయినా మొదటి ప్రపంచ యుద్ధం ఆగలేదు, ఎందుకంటే అడిగినవాళ్లకు ఒప్పుకోలు అక్కర్లేదు.

దగ్గరి ఉదాహరణ కావాలా? బ్రహ్మోస్ క్షిపణులను కూర్చే కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. 2022 మార్చి 9న అలాంటి క్షిపణి ఒకటి మన వైపు నుంచి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్ను దగ్గర పడింది. ప్రాణనష్టం లేదు. మార్చి 11న మన రక్షణ శాఖ సాంకేతిక లోపమని ఒప్పుకుని విచారం చెప్పింది, విచారణకు ఆదేశించింది. సంయుక్త విచారణ కావాలని పాకిస్తాన్ అడిగింది. అది జరగలేదు గానీ, జరిగిందో లేదో చూసి చెప్పగలిగిన కోరిక అది. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు.

నేనైతే టీవీ చర్చలు చూడను. విదేశాంగ శాఖ ప్రకటన ప్రింట్ తీసి, ఏం అడిగారో అక్కడ పెన్సిల్‌తో గీత గీస్తాను. గీత గీయడానికి ఏమీ దొరకలేదంటే ఆ ప్రకటన సొంత జనం కోసం ఇచ్చిందని అర్థం చేసుకుంటాను.

మల్కాజిగిరి వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "దాడి చేయించినవాళ్లను పాకిస్తాన్ ప్రభుత్వం అరెస్టు చేసి కోర్టులో నిలబెట్టాలి, వాళ్ల శిబిరాలు మూసేయాలి. అది జరిగేదాకా వాణిజ్యం ఉండదు, జరిగితే మళ్లీ మొదలుపెడతాం." కోపం ఎక్కడికీ పోలేదు చూడండి.

అభ్యాసం: 2020లో లద్దాఖ్‌లో చైనాతో జరిగిన గల్వాన్ ఘర్షణ తీసుకోండి. మన 20 మంది సైనికులు చనిపోయారు. రెండు ప్రభుత్వాల ప్రకటనలూ వెతికి చదవండి. చైనా ఏం చేస్తే మనం చాలు అంటామో రెండు వాక్యాల్లో రాయండి. తర్వాత, అది ఒప్పుకున్నాక వాళ్ల నాయకుడు వాళ్ల జనానికి తల దించుకోకుండా ఏం చెప్పుకోగలడో, ఆ ప్రసంగం ఒక పేజీ మీరే రాయండి. పేజీ నిండకపోతే మీ రెండు వాక్యాలూ మార్చి మళ్లీ మొదలుపెట్టండి. ఆదివారం చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర కలిసేవాళ్లు కాగితం మీద రాసి తెండి, ఫోన్‌లో చూపిస్తే దిద్దను.