కొత్త కెర్నల్ వేశాక ఉబుంటు లేవట్లేదా? ముందు సెక్యూర్ బూట్ చూడండి

ఉబుంటులో మెయిన్‌లైన్ కెర్నల్ (కెర్నల్ అంటే సిస్టమ్ గుండెకాయ, మెయిన్‌లైన్ అంటే ఉబుంటు మార్పులు లేని అసలు లినక్స్ బిల్డ్) డెబ్ ఫైళ్లు, అంటే ఇన్‌స్టాల్ ప్యాకేజీలు, దించుకుని ఇన్‌స్టాల్ చేశారు. ఎక్కడా ఎర్రర్ రాలేదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే తెర) దాటగానే నల్ల తెర మీద ‘బ్యాడ్ షిమ్ సిగ్నేచర్’, దాని కిందే ‘యూ నీడ్ టు లోడ్ ద కెర్నల్ ఫస్ట్’. కంగారు పడకండి, డేటాకి ఏమీ కాలేదు. ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటే మామూలుగా లేస్తుంది. పాతదాన్ని వెంటనే పీకేయొద్దని చెప్పేది ఇందుకే.

ఎందుకిలా?

సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే రక్షణ. అది ఆన్‌లో ఉంటే ఫర్మ్‌వేర్ మైక్రోసాఫ్ట్ సంతకం చూసి షిమ్‌ని (గ్రబ్ కన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) లోపలికి రానిస్తుంది. ఆ షిమ్, ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థ కీతో కెర్నల్ సంతకం సరిచూస్తుంది. ఉబుంటు రిపోలో వచ్చే కెర్నల్‌కి ఆ సంతకం ఉంటుంది. మెయిన్‌లైన్ బిల్డ్‌కీ, మీరు సొంతంగా కంపైల్ చేసిన దానికీ ఉండదు. మోక్‌యుటిల్ అనే కమాండ్‌ని (సెక్యూర్ బూట్ కీలు చూసుకునేది) ఎస్‌బీ-స్టేట్ ఆప్షన్‌తో నడిపితే ‘సెక్యూర్‌బూట్ ఎనేబుల్డ్’ అని వచ్చిందా, దొంగ దొరికినట్టే.

ఏం చేయాలి?

బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం రెండు నిమిషాల పని. కానీ అదే మెషీన్‌లో విండోస్‌కి బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ అడగొచ్చు, అది చేతిలో లేకుండా ఆ జోలికి పోకండి.

నేనైతే సొంత కీతో సంతకం చేసుకోమంటాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కీ, సర్టిఫికెట్ తయారుచేసి, ఎస్‌బీసైన్ కమాండ్‌తో బూట్ ఫోల్డర్‌లోని వీఎంలినజ్ (కెర్నల్) ఫైలుకి సంతకం పెట్టండి. ఎస్‌బీసైన్‌కి పెమ్ రూపంలో సర్టిఫికెట్ కావాలి, ఆ కీని సిస్టమ్‌కి పరిచయం చేసే మోక్‌యుటిల్ ఇంపోర్ట్‌కి డెర్ రూపంలో. ఇక్కడే చాలామంది తడబడతారు. ఇంపోర్ట్ అడిగే పాస్‌వర్డ్ అంకెల్లో పెట్టుకోండి, ఎందుకంటే రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెర మీ కీబోర్డ్ లేఅవుట్‌ని పట్టించుకోదు. ఆ తెర కొద్ది సెకన్లే ఆగుతుంది. నేను టీ కప్పు తెచ్చుకునేలోపు వెళ్లిపోయింది, మళ్లీ ఇంపోర్ట్ నుంచి మొదలు. కనబడగానే ఏదో ఒక కీ నొక్కి ‘ఎన్‌రోల్ మోక్’ (మోక్ అంటే మెషీన్ ఓనర్ కీ) ఎంచుకోండి.

ఇంకో మెలిక. డీకేఎంఎస్ (కొత్త కెర్నల్‌కి తగ్గట్టు డ్రైవర్ మాడ్యూల్స్‌ని మళ్లీ కట్టే సాధనం) కోసం ఉబుంటు ముందే ఒక మోక్ కీ చేసి పెడుతుంది. ‘ఉన్నదే వాడదాం’ అని దాంతో కెర్నల్‌కి సంతకం చేశాను, మళ్లీ అదే ఎర్రర్. ఒక సాయంత్రం పోయాక తెలిసింది: ఆ సర్టిఫికెట్ మాడ్యూల్స్‌కి మాత్రమే అని గుర్తు వేసి ఉంటుంది, కెర్నల్ విషయంలో షిమ్ దాన్ని ఒప్పుకోదు. వేరే కీ చేసుకోవాల్సిందే.

లేచింది, వైఫై లేదు

మోడ్‌ప్రోబ్ (మాడ్యూల్‌ని లోడ్ చేసే కమాండ్) ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటే, మాడ్యూల్స్ కట్టడానికి కావాల్సిన హెడర్స్ డెబ్ వేయడం మరిచి ఉండొచ్చు. అది వేసి డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ నడపండి. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటే మాడ్యూల్ ఉంది, దాని సంతకాన్ని కెర్నల్ నమ్మట్లేదు. డీకేఎంఎస్ కీ ఎన్‌రోల్ అయిందో లేదో మోక్‌యుటిల్‌తో చూడండి.

హైబర్నేట్ మాయం

డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) ‘లాక్‌డౌన్’ అన్న మాట వెతకండి. లినక్స్ 5.4లో వచ్చిన ఈ కట్టడి సెక్యూర్ బూట్ వల్ల అమల్లో ఉంటే హైబర్నేట్ పనిచేయదు. దీనికి సంతకాలతో పని జరగదు. సెక్యూర్ బూట్ కావాలో, హైబర్నేట్ కావాలో తేల్చుకోండి. నేను హైబర్నేట్ వదిలేసి సస్పెండ్‌తో సరిపెట్టుకున్నాను.