పిల్లలతో చిన్న వేట, పాఠం 4: చోటు వెతకడం (మళ్లీ)

ఈ వారం కుందేళ్ల పొదల గురించి రాయాలి. రాస్తాను, కానీ సగం పాఠం మళ్లీ ఉడుతలకే పోతుంది. ఉడుతల వేట గురించిన మూడో పాఠం చదివి పెన్సిల్వేనియా అడవుల్లోకి వెళ్లినవాళ్లలో చాలామంది ఖాళీ చేతులతో తిరిగివచ్చారు. వేటలో అది మామూలే. నాకు నచ్చనిది ఏమిటంటే, పిల్లలు ఇక రామంటున్నారని కొందరు తల్లిదండ్రులు రాయడం. ఎక్కడ కూర్చున్నారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ఉడుత గూళ్లు ఎక్కువగా ఉన్న చెట్ల కింద.

గూళ్ల గురించి నేను రాసింది ఒకే ఒక్క వాక్యం. కొమ్మల్లో ఆకుల ముద్దలు కనబడితే ఆ అడవిలో ఉడుతలు తిరుగుతున్నట్టే అన్నాను. వాటి కింద కాపలా కాయమనలేదు. ఒకాయన ఏడు గూళ్లు లెక్కపెట్టి, ఏడు గూళ్లంటే కనీసం ఏడు ఉడుతలు కదా అని వాదనకు దిగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఒక ఉడుతకు ఒకటికి మించి గూళ్లు ఉంటాయి. వదిలేసిన గూడు కూడా వెంటనే రాలిపోదు, చాలాకాలం కొమ్మను పట్టుకునే ఉంటుంది. చలి ముదిరాక మంచి తొర్ర దొరికితే ఉడుత గూటి ముఖమే చూడదు. పైగా ఆకులు రాలగానే అప్పటిదాకా దాగిన గూళ్లన్నీ ఒక్కసారిగా బయటపడతాయి, అడవి నిండా ఉడుతలేనన్న భ్రమ కలుగుతుంది. గూడు పడకగది లాంటిది. ఆకలేసినవాళ్లు పడకగదిలో ఎందుకుంటారు? ఇంకో సంగతి: గూటిలోకి గురిపెట్టడం నా పాఠం చదివేవాళ్లెవరూ చేయకూడదు. లోపల ఏముందో కనబడనప్పుడు తుపాకి ఎత్తకూడదన్నది పిల్లలకు మొదటి రోజే నేర్పవలసిన మాట.

మీరు చూడవలసింది నేలను. సెప్టెంబరు మధ్యలో ఉడుతల వేట మొదలయ్యేసరికి అవి హికరీ అనే చెట్టు గట్టి పెంకు కాయల మీద ఉంటాయి. చెట్టు కింద పెంకు ముక్కలు, పైతొక్క చెక్కులు చల్లినట్టు పడి ఉంటాయి. వాటిలో ఒకటి తీసి పిల్లల చేతిలో పెట్టండి. కొరికిన చోట పచ్చగా, తడిగా ఉండి వేలికి మరక అంటుకుంటే అది తాజాది. నల్లబడి ఎండిపోయి ఉంటే ఎప్పుడో తిని పోయినది, ఆ చెట్టును వదిలేయండి. ఉడుత పైన తింటున్నప్పుడు ఈ ముక్కలు ఆకుల మీద టపటపా రాలతాయి. ఆ చప్పుడును పెద్దవాళ్ల కంటే పిల్లలే ముందు పట్టుకుంటారు.

తర్వాత వంతు ఓక్ చెట్లది. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే తెల్ల ఓక్, మొనదేలి చివర సన్నని ముల్లులా ఉంటే ఎర్ర ఓక్ జాతి. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ, అదీగాక రాలిన కొద్ది రోజులకే మొలకెత్తుతుంది. అందుకే ఉడుత దాన్ని అక్కడికక్కడే తినేస్తుంది, లేదా మొలకెత్తకుండా మొన కొరికి మరీ దాచుకుంటుంది. ఎర్ర ఓక్ కాయ వసంతం దాకా మొలవదు కాబట్టి అలాగే పాతిపెడుతుంది. కనుక అక్టోబరులో తెల్ల ఓక్‌లు, మంచు పడ్డాక ఎర్ర ఓక్‌ల చుట్టూ నేల తవ్విన గుంటలు. మొన కొరికిన కాయ ఒకటి దొరికితే దాచిపెట్టండి, అభ్యాసంలో అడుగుతాను.

ఏ అడవికి వెళ్లాలి? తెలిసినవాళ్ల పొలం లేదని బాధపడకండి. వేటను చూసుకునే రాష్ట్ర సంస్థ పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ చేతిలో 300కు పైగా స్టేట్ గేమ్ ల్యాండ్స్, అంటే వేటకు తెరిచి ఉంచిన ప్రభుత్వ భూములు, ఉన్నాయి, మొత్తం సుమారు 15 లక్షల ఎకరాలు. మొదటిది 1920లో కొన్నారు. మనవాళ్లలో చాలామందికి అక్కడ అడుగుపెట్టడానికి ఎందుకో మొహమాటం. లైసెన్సు రుసుము మీరు కడుతున్నారు. తూటాల మీద మీరు చెల్లించే ధరలోనూ 1937 నాటి చట్టం ప్రకారం 11 శాతం పన్ను కలిసి ఉంటుంది, అది వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. ఇంకా మొహమాటం దేనికి? సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు మాత్రం ఈ పాఠాలు మరిచిపోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ అడవి కుందేలును వేటాడటం నేరం.

గేమ్ ల్యాండ్ అంచున చెట్ల మీద ఊదారంగు గీతలు కనబడితే అక్కడే ఆగండి. 2020 నుంచి ఆ నిలువు గీతకు 'ప్రవేశం లేదు' బోర్డుతో సమానమైన విలువ ఉంది. కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే సరిగ్గా పదేళ్ల పిల్లల కళ్లెదుట. వెతికే పని వాళ్లకే అప్పగించండి. ఎవరైనా ఉంటున్న ఇంటికి 150 గజాల లోపు, ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా తుపాకితో వేటాడకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక కుందేళ్లు. వాటి వేట అక్టోబరు మధ్యలో మొదలవుతుంది. పెద్ద అడవి నడిబొడ్డున కాటన్‌టెయిల్ (ఇక్కడి అడవి కుందేలు) కోసం వెతకడం దండగ. దానికి కావలసింది అంచు: పొలం ఆగి పొద మొదలయ్యే చోటు, కరెంటు తీగల కింద నరికిన దారి, బ్లాక్‌బెర్రీ ముళ్లు, నరికి పోగేసిన కొమ్మల గుట్ట. చలి ఉదయాల్లో గాలి తగలని, ఎండ పడే దక్షిణపు వాలుకు వెళ్లండి. బఠాణీ గింజంత గుండ్రని పెంటికలు పొద చుట్టూ ఉండాలి. దానికంటే నమ్మకమైన గుర్తు రెమ్మ. కుందేలుకు పైనా కిందా పదునైన ముందుపళ్లు ఉంటాయి గనుక రెమ్మ కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగుతుంది. జింకకు పైన ముందుపళ్లు ఉండవు, పట్టి లాగుతుంది, అందుకే పీచు పీచుగా చీలుతుంది. ఈ తేడా తెలియక జింక మేసిన పొద చుట్టూ గంటలకొద్దీ తిరిగేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

పిల్లలతో అయితే నాకు కుందేలే ఇష్టం. ఉడుతకు కదలకుండా కూర్చోవాలి, కుందేలుకు నడవాలి, తొక్కాలి, పొదను కదపాలి. ఏడేళ్ల పిల్లలను గంటసేపు కదలకుండా కూర్చోబెట్టగలమనుకునేవాళ్లకు నా నమస్కారం. కారు నుంచి అర మైలు దాటని చోటే ఎంచుకోండి. చేతులు చల్లబడగానే, ఇంకా ఉత్సాహం ఉండగానే తిరిగివచ్చేయండి.

అభ్యాసం. తుపాకి లేకుండా, ఒకే గేమ్ ల్యాండ్‌కు వరుసగా మూడు శనివారాలు వెళ్లాలి. వేట కాలమే కాబట్టి నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకోవడం తప్పదు. పటం పిల్లలే గీయాలి, ఫోను చూడకూడదు. హికరీ, తెల్ల ఓక్, ఎర్ర ఓక్, ముళ్లపొదలు, ఊదా గీతలు అందులో ఉండాలి. ప్రతి వారం తాజా చెక్కులు ఏ చెట్టు కింద దొరికాయో ఆ తేదీ వేసి గుర్తించాలి. మొన కొరికిన తెల్ల ఓక్ కాయ ఒకటి, ఏటవాలుగా తెగిన రెమ్మ ఒకటి, చీలిన రెమ్మ ఒకటి అట్టకు అంటించాలి. మూడో శనివారం తెల్లవారకముందే చేరుకుని, పిల్లలు ఎంచిన చెట్టు దగ్గర అరగంట కూర్చోండి. ఉడుత కనబడకపోతే నాలుగో శనివారం కూడా తుపాకి ఇంట్లోనే ఉంచి వెళ్లాలి, ఈసారి వేరే చెట్టు దగ్గరికి.