పికప్పులు మార్చాలా, వద్దా?

నా ఎలక్ట్రిక్ గిటార్‌లో బెండ్ చేసిన (తీగని పక్కకి లాగి స్వరం పెంచిన) ప్రతిసారీ జీ తీగ శ్రుతి తప్పేది. ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) మార్చెయ్, పనిలో పనిగా పికప్పులూ (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంతం, తీగచుట్టలు) మార్చెయ్ అని సలహాలు. డబ్బు పెట్టేముందు అసలు లోపం ఎక్కడుందో చూద్దామనుకున్నా.

శ్రుతి చేస్తుంటే మెడ చివర తీగలు ఆనే నట్ దగ్గర టిక్‌మని చిన్న చప్పుడు. దొంగ దొరికాడు! తీగ గాడిలో ఇరుక్కుని, ఉన్నట్టుండి జారుతోంది. పాపం, ట్యూనర్ల తప్పేం లేదు. తీగ వదులు చేసి పక్కకి తప్పించి, గాడిలో మెత్తటి పెన్సిల్ మొన రుద్దా. గ్రాఫైట్ పడ్డాక చప్పుడు పోయింది, శ్రుతి నిలబడింది.

ఇక శబ్దం. కొత్త తీగలు వేయగానే సగం మొద్దుతనం పోయింది. నెక్ పికప్ (మెడ వైపుది) మందపు తీగలకి మరీ దగ్గరగా ఉంది. అయస్కాంతం లాగేస్తుంటే పై ఫ్రెట్లలో (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలు) స్వరం వణుకుతుంది. స్క్రూ తిప్పి కొంచెం దించా, తేటపడింది. 12వ ఫ్రెట్‌లో నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్‌తో (నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కలిసేదాకా బ్రిడ్జ్ శాడిల్ (అటు చివర తీగ ఆనే ముక్క) జరిపా.

వాల్యూమ్ నాబ్ గరగర మాత్రం క్లీనర్ కొట్టినా పోలేదు. నాబ్ కింద అరిగిపోయిన పాట్‌కి (నిరోధం మార్చే భాగం) వేరే మందు లేదు, మార్చాల్సిందే. నావి సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్పులు కాబట్టి 250 కిలో ఓమ్‌లది వేశా. 500ది వేస్తే పదును ఎక్కువవుతుంది. కొన్న విడిభాగం అదొక్కటే.

సింగిల్ కాయిల్ హమ్ (గుయ్‌మనే రొద) అలాగే ఉంది, సెటప్‌తో పోయేది కాదది. యాంప్‌లో గెయిన్ (సిగ్నల్ పెంపు) పెంచి వాయించడం ఎక్కువైతే అప్పుడు హమ్ లేని పికప్పులు చూస్తా.