ఖజార్లు మ్యాప్ మీద నిలబడటం లేదా? మతం సెట్టింగ్ ఎక్కడ తప్పుతోందో చూద్దాం

మధ్యయుగపు స్ట్రాటజీ గేములకి మోడ్ (గేమ్ ఫైళ్ళని మార్చి చేసుకునే సొంత రూపం) రాసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వోల్గా నది దగ్గర ఆగక తప్పదు. అక్కడ ఖజార్లుంటారు. తుర్కిక్ జాతివాళ్ళు, గడ్డిమైదానాల గుర్రపు యోధులు. పాలించేవాళ్ళు యూదులు, రాజధానిలో మసీదులూ చర్చిలూ ఉంటాయి, ఊరు దాటితే ఆకాశదేవుడు టెంగ్రికి మొక్కే తెగలు. గేమేమో రాజ్యానికి ఒక మతం చెప్పమంటుంది. ఆ గడిలో యూదు మతం అని పెట్టి సేవ్ చేసిన దగ్గర్నుంచి చిక్కులు మొదలవుతాయి. ఆట 867వ సంవత్సరంలో మొదలయ్యేలా (867 స్టార్ట్) రాసుకున్న నా మోడ్‌లో నాకు ఎదురైనవి, వాటికి పనిచేసిన పరిష్కారాలు ఇక్కడ పెడుతున్నాను. నేను వాడే ఇంజిన్‌లో పాలకుడి మతం, కౌంటీ మతం, ఆస్థానంలో ఒక్కో మనిషి మతం విడివిడిగా పెట్టుకోవచ్చు. మీ గేములో కూడా అలా ఉందో లేదో ముందు చూసుకోండి. కింద చెప్పేవన్నీ దాదాపు దాని మీదే ఆధారపడ్డాయి.

సమస్య 1: ఆట మొదలైన కొన్నేళ్ళకే రాజ్యం ముక్కలవుతోంది

అబ్జర్వర్ మోడ్‌లో, అంటే ఎవరూ ఆడకుండా ఆట తనంతట తనే నడిచేలా వదిలేసి, అన్నం తిని వచ్చేసరికి ఖజారియా మూడు ముక్కలై ఉంటుంది. ఎర్రర్ లాగ్‌లో ఏమీ ఉండదు. తిరుగుబాట్ల జాబితా తెరిస్తే అన్నీ మతం పేరుతో లేచినవే.

కారణం: పాలకుడిది ఒక మతం, కౌంటీది ఇంకో మతం అయితే జనానికి కోపం వచ్చేలా ఇంజిన్‌ని రాశారు. చాలా రాజ్యాలకి అది సరిపోతుంది. ఖజారియాకి సరిపోదు. పదో శతాబ్దపు అరబ్ భౌగోళికుడు ఇస్తఖ్రీ రాసినదాని ప్రకారం రాజు, అతని ఆస్థానం యూదులే, కానీ అక్కడి జనంలో అందరికన్నా తక్కువమంది యూదులే. ముస్లింలు, క్రైస్తవులు ఎక్కువ. మరి రాజ్యం ఎలా నిలిచింది? రాజధాని ఇతిల్‌లో ఏడుగురు న్యాయమూర్తులు ఉండేవాళ్ళని అరబ్ చరిత్రకారుడు మసూదీ చెబుతాడు. ముస్లింలకు ఇద్దరు, యూదులకు ఇద్దరు, క్రైస్తవులకు ఇద్దరు, స్లావులు, ఉత్తరం నుంచి నదుల మీద వచ్చే రుస్‌లు లాంటి మిగతావాళ్ళందరికీ ఒకరు. ఎవరి తగువు వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారమే తీరేది. నా దృష్టిలో ఖజార్ల మతం గురించి మనకు తెలిసినవాటిలో గేముకి అన్నిటికన్నా పనికొచ్చే ముక్క ఇదే.

పరిష్కారం: యూదు మతాన్ని రాజవంశానికీ ఆస్థాన ప్రముఖులకీ మాత్రమే ఇవ్వండి. మైదానాల కౌంటీలని టెంగ్రి మతంలోనే ఉంచండి. క్రిమియా తీరం క్రైస్తవం. ఇతిల్ కౌంటీకి ఒక్క మతమే పెట్టాల్సి వస్తే ఇస్లాం పెట్టండి, అక్కడి వర్తకులు, సైనికులు ఎక్కువగా వాళ్ళే. తర్వాత ‘ఏడుగురు న్యాయమూర్తులు’ అని ఒక రాజ్యశాసనం రాసి, దాని ద్వారా ఖజారియాలో మాత్రం పరమత పెనాల్టీని సున్నా చేయండి. ఇతిల్ చేయిజారితే శాసనం రద్దవ్వాలి. నది మీద వచ్చే సరుకులో పదోవంతు సుంకం ఖజానాకి చేరేది, కాబట్టి పన్ను బోనస్‌ని కూడా దీనికే ముడిపెట్టండి. నానా మతాల వర్తకులు నిశ్చింతగా వచ్చిపోతేనే ఆ సుంకం.

ఇంతటితో ఆపితే ఖజారియా మరీ ప్రశాంతమైన దేశంలా కనిపిస్తుంది. అలా కాకుండా ఉండటానికి ఒక ఈవెంట్ పెట్టండి. బాగ్దాద్ నుంచి వోల్గా వైపు వచ్చిన అరబ్ యాత్రికుడు ఇబ్న్ ఫద్లాన్ రాతల్లో ఉంది ఇది: 922 ప్రాంతంలో ఒక ముస్లిం ఊళ్ళో యూదుల ప్రార్థనామందిరాన్ని కూల్చారని కబురొస్తే, ఖజార్ రాజు ఇతిల్‌లోని మసీదు మీనారును పడగొట్టించి, అజాన్ ఇచ్చేవాళ్ళని చంపించాడు. మసీదు జోలికి మాత్రం పోలేదు. దాన్నీ కూలిస్తే ముస్లిం దేశాల్లో ఒక్క యూదు మందిరం కూడా మిగలదని అతని భయం. ఆటగాడికి ఈ మూడు దారులూ ఇవ్వండి: ఊరుకోవడం, మీనారు కూల్చడం, మసీదే కూల్చడం. మూడోది నొక్కితే ఏడుగురు న్యాయమూర్తుల శాసనం అక్కడికక్కడే పోవాలి.

సమస్య 2: 950 నాటికి మ్యాప్ అంతా యూదు రంగులోకి మారిపోతోంది

కారణం చిన్నదే. ఏఐ ఆస్థాన మతగురువుని ఖాళీగా ఉంచదు, ఒక్కో కౌంటీనీ మతం మార్పిస్తూ పోతుంది. ఖజార్ల నేల మీద బయటపడ్డ సమాధుల్లో మాత్రం యూదు ఆనవాళ్ళు చాలా అరుదు. గుర్రంతోనో ఆయుధాలతోనో పూడ్చిన పాత పద్ధతి సమాధులే ఎక్కువ. కౌంటీ మతమార్పిడి పనిని ఈ రాజ్యానికి ఆపేయండి. సామంతుల మనసు మార్చే పనిని ఉంచండి, కానీ నెమ్మదిగా సాగేలా చూడండి.

సమస్య 3: మతం ఏ తేదీకి మారాలో తేలడం లేదు

హిస్టరీ ఫైల్‌కి ఒక తేదీ కావాలి, ఆధారాలేమో ఒక తేదీ మీద నిలబడవు. మసూదీ లెక్కలో రాజు యూదుడైంది ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలంలో, అంటే 786-809 మధ్య. పదో శతాబ్దంలో ఖజార్ రాజు యోసేపు స్పెయిన్‌లోని కార్డోబా ఆస్థానంలో ఉన్న యూదు అధికారి హస్దాయ్ ఇబ్న్ షప్రుత్‌కి రాసిన ఉత్తరం మొదటి అడుగు బులాన్ రాజుదని, రబ్బీలను (యూదు మతపండితులను) పిలిపించి, మందిరాలు కట్టించి మతాన్ని గట్టిపరిచింది తర్వాత వచ్చిన ఓబద్యా అని చెబుతుంది. 837-838 నాటి వెండి దిర్హాములు కొన్ని దొరికాయి. చూడ్డానికి మామూలు అరబ్ నాణేల్లాగే ఉంటాయి, కానీ ముహమ్మద్ పేరుండే చోట అరబీ లిపిలో ‘మూసా (మోషే) దేవుని ప్రవక్త’ అని ఉంటుంది. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో పాతిపెట్టిన వెండిలో అలాంటిదొకటి బయటపడింది. 861లో బైజాంటియం నుంచి కాన్‌స్టాంటైన్, అంటే తర్వాత సిరిల్‌గా పేరుపడ్డ సన్యాసి, ఖజార్ ఆస్థానానికి వచ్చి మతచర్చ చేశాడు.

కాబట్టి 769 లాంటి ముందు స్టార్ట్‌లో పాలకుణ్ణి టెంగ్రి మతంలోనే ఉంచండి. 867లో యూదుడిగా పెట్టండి. మధ్యలో ఆటగాడికి రెండు మెట్ల ఈవెంట్ ఇవ్వండి: మొదట రాజు, ఒకటి రెండు తరాల తర్వాత సంస్కరణ, ఆ సంస్కరణకి గుర్తుగా దిర్హాము. 737లో అరబ్ సేనాని మర్వాన్ చేతిలో ఓడి ఖగాన్ (ఖజార్ల సర్వోన్నత పాలకుడు) ఇస్లాం ఒప్పుకున్నాడు, అది ఎక్కువకాలం నిలవలేదు. దాన్ని మతమార్పిడిగా నమోదు చేస్తే తర్వాతి తరాలన్నీ ముస్లింలుగా పుడతారు, ఓటమి తర్వాత కొన్నాళ్ళుండే మాడిఫయర్‌గా (తాత్కాలిక ప్రభావంగా) పెడితే సరిపోతుంది.

సమస్య 4: ఖగాన్ యుద్ధానికెళ్ళి చచ్చిపోతున్నాడు

ఇది బగ్‌లా అనిపించదు, అందుకే చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం మనసొప్పదు. ఖజార్లకి ఇద్దరు పాలకులు. ఖగాన్ పవిత్రుడు, జనానికి కనిపించేదే అరుదు. సైన్యాన్ని నడిపేది, పన్ను తీసేది, సంధులు చేసేది బెక్. ఆ బెక్ కూడా ఖగాన్ ముందుకి చెప్పుల్లేకుండా, చేతిలో పుల్ల వెలిగించుకుని వెళ్ళేవాడని ఇబ్న్ ఫద్లాన్ రాశాడు. ఖగాన్ ఏలుబడి నలభై ఏళ్ళు దాటితే బుద్ధి మందగించిందంటూ తొలగించడమో చంపడమో చేసేవాళ్ళట. పట్టం కట్టేటప్పుడు మెడకి పట్టుగుడ్డ బిగించి, ఊపిరాడని స్థితిలో ఎన్నేళ్ళు ఏలుతావని అడిగేవాళ్ళని ఇస్తఖ్రీ చెబుతాడు.

ఇంజిన్ ఒక్క పాలకుణ్ణే గుర్తిస్తుంది. ఆ కుర్చీలో బెక్‌ని కూర్చోబెట్టండి. ఖగాన్‌ని భూమి లేని, యుద్ధానికి పంపడానికి వీల్లేని ఆస్థాన పాత్రగా పెట్టి, బెక్ చట్టబద్ధతని అతనికి ముడిపెట్టండి. కరువొచ్చినా ఓటమి ఎదురైనా జనం ఖగాన్ ప్రాణం అడిగే ఈవెంట్ రావాలి. ఇస్తే అశాంతి తగ్గుతుంది, కొత్త ఖగాన్ కుదురుకునేదాకా చట్టబద్ధత పడిపోతుంది.

సమస్య 5: ముస్లిం అంగరక్షకులు ముస్లింల మీదకే యుద్ధానికి వెళ్తున్నారు

బెక్ దగ్గర అర్సియా అనే దళం ఉండేది, మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ వైపు నుంచి వచ్చిన ముస్లిం సైనికులు. ముస్లింల మీద యుద్ధమైతే తాము కలవబోమని వాళ్ళ ఒప్పందం. ఆ షరతుని దళం ఫైల్‌లోనే రాయండి. దానితోపాటు 913 ప్రాంతపు సంగతి ఈవెంట్‌గా పెట్టండి: కొల్లసొమ్ములో సగం ఇస్తామని దారి అడిగి కాస్పియన్ తీరాన్ని దోచుకొచ్చిన రుస్‌ల మీద అర్సియా పగ తీర్చుకుంటామంటే, రాజు ఆపలేకపోయాడు.

చిన్నవి రెండు. యాదృచ్ఛిక పేర్లు వింతగా వస్తుంటే రాజవంశానికి యోసేపు ఉత్తరంలోని పేర్లివ్వండి: హిజ్కియా, మనష్షే, హనుక్కా, జెబులూను, బెన్యామీను, అహరోను. తెగల నాయకులకి తుర్కిక్ పేర్లే ఉంచండి. జెండా మీద ఆరు కొనల నక్షత్రం వస్తుంటే తీసేయండి. అది యూదు గుర్తుగా స్థిరపడింది చాలా శతాబ్దాల తర్వాత. ఏడు కొమ్మల దీపస్తంభం గానీ, ఖజార్ల సర్కెల్ కోట ఇటుకల మీద కనిపించే తమ్గా (తెగల గుర్తు) ముద్రల్లాంటిది గానీ వేయండి.

సమస్య 6: రాజ్యం పడిపోయాక ఖజార్లు పోలండ్‌లో పుట్టుకొస్తున్నారు

కొన్ని మోడ్‌ల నుంచి కాపీ చేసుకున్న ఈవెంట్లలో ఇది దొరుకుతుంది. తూర్పు యూరప్ యూదులంతా ఖజార్ల సంతతే అన్న వాదం దాని వెనక ఉంది. జన్యు పరిశోధనలు దాన్ని బలపరచలేదు. యూదులు అసలు యూదులే కారని ద్వేషం నూరిపోసేవాళ్ళకి అదొక ఆయుధమైంది. ఈవెంట్‌ని మొత్తంగా తొలగించండి, ఆప్షన్‌గా కూడా వద్దు.

ఇవన్నీ మార్చాక 867 నుంచి అబ్జర్వర్ మోడ్‌లో వందేళ్ళు నడపండి. 965లో కీవ్ పాలకుడు స్వ్యాతోస్లావ్ సర్కెల్‌ని పట్టుకున్నాడు, ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఇతిల్ నాశనమైంది. మీ ఆటలో ఖజారియా కూలితే తిరుగుబాటు జాబితా మళ్ళీ తెరవండి. అందులో మతం పేరుతో లేచినవి ఇంకా పైన ఉంటే శాసనం ఫైల్ ఎక్కడో లోడ్ కావడం లేదన్నమాట, సమస్య 1 దగ్గర్నుంచి మళ్ళీ చూడండి. ఉత్తరం నుంచి నది మీదుగా వచ్చిన పడవల సైన్యం కూల్చి ఉంటే ఫైళ్ళు అలాగే ఉంచండి.